ఖాళీగా తోయకూడని బండి

కడప,
5 సెప్టెంబరు 2004.

షమీమక్కకు,

బండి చేరింది. బండి అనే అంటాను, నువ్వు చెప్పిన ఇంగ్లీషు పేరు మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. గోనెపట్టాలో చుట్టి తాళ్ళతో బిగించి బస్సులో వేశావు కదా, చక్రాలు ఒకవైపు, పిడి ఇంకోవైపు పొడుచుకొచ్చి అది ఏమిటో పోల్చుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆయన బస్టాండు నుంచి దాన్ని భుజాన వేసుకొని వస్తుంటే దారిలో అంగళ్ళవాళ్ళు ఆపి మరీ అడిగారట: "ఏమప్పా ప్రదీపూ, స్టీలు సామాన్ల అంగడి మూసేసి సేద్యం చేస్తాండావా? మడక కొన్నట్టుండావే!"

హాల్లో విప్పాం. ఆయన ఒకవైపు, మామగారు ఒకవైపు పట్టుకొని లాగారు. అది తెరుచుకోలేదు. చివరికి నా చేయి దేనికో తగిలి, టక్కుమని తనంతట తనే లేచి నిలబడింది. మామగారు రెండడుగులు వెనక్కి వేసి, "ప్రాణముండాదేమే దీనికి?" అన్నారు.

నీలం గుడ్డ, నల్ల చక్రాలు, పైన గొడుగు. కువైట్‌లో ఎవరో దొరల బిడ్డ ఎక్కిన బండి, మీ తమ్ముడు ఇమాం వలి తెచ్చి మీవాడికిచ్చిన బండి, ఇప్పుడు నా కూతురిది. చూస్తుంటే మురిపెం వచ్చి పిడి పట్టుకొని ఒక్కసారి ముందుకు తోశాను. అంతే, వంటింట్లోంచి అత్త పరుగున వచ్చింది.

"ఉండు ఉండు! ఖాళీ ఉయ్యాల ఊపుతారా ఎవరన్నా? బిడ్డకు కడుపునొప్పి వస్తాది."

"ఉయ్యాల కాదత్తా, బండి."

"బిడ్డను పండబెట్టేది ఏదైనా ఉయ్యాలే."

లోపలికి పోయి సన్నికల్లు మీద నూరే పొత్రాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి తెచ్చి బండిలో పడుకోబెట్టింది. వాసవికి పేరు పెట్టిన రోజు ఉయ్యాలలో ముందు పొత్రాన్ని వేసి తర్వాత బిడ్డను వేశారే, నువ్వు కూడా వచ్చి చూశావు, అదే పద్ధతి. అప్పటి నుంచి పొత్రం బండెక్కి హాల్లో దర్జాగా కూచుంది. పచ్చడి నూరాలంటే దాన్ని బతిమాలి దింపుకోవాలి.

వాసవి బాగుంది. నాలుగు నెలలకే మనుషుల్ని గుర్తుపడుతోంది. పొద్దున లేస్తే అత్త చంకలో, అత్త వంట చేస్తుంటే మామగారి భుజాన, సాయంత్రం ఆయన వస్తే ఆయన చేతుల్లో. నేనూ బాగున్నాను.

బండిని మడిచే కిటుకు రాయి. ఫోను మాత్రం చేయకు. అది హాల్లో ఉంది, ఒకరు మాట్లాడితే నలుగురు వింటారు.

నీ
హిమబిందు

*

కర్నూలు,
16 సెప్టెంబరు 2004.

బిందూ,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వుతుంటే మా అత్త పీరాంబీ పరిగెత్తుకొచ్చింది, "ఏందే, ఒక్కదానివే నవ్వుతాండావు, గాలి సోకిందా?" అని. చదివి వినిపించాను. మడక దగ్గర నవ్వింది కానీ పొత్రం దగ్గర నవ్వలేదు. "సరిగ్గా చేసినారు. ఖాళీ ఝూలా ఊపకూడదు. మీ అత్తకు తెలీదా ఏంది?" అని నన్నే కసిరింది. ఈ విషయంలో మీ అత్తా మా అత్తా ఒకే బడిలో చదివారు.

కిటుకు చెప్తాను. పిడికి రెండు పక్కలా ఉన్న మీటలు పైకి లాగు, వెనక చక్రాల మధ్య ఉన్న కడ్డీని కాలితో తొక్కు, మడుచుకుంటుంది. కాలితో అన్నానా? గోడకు ఆనుకొని కుడికాలితో తొక్కు. ఎడమకాలి ఇనుప బూటుతో తొక్కితే అది విరిగి నా దగ్గరికే తిరిగొస్తుంది.

ఇక బండితో పాటు పంపిన కుర్చీ. అది కారు కోసం చేసింది, బుట్టలాగా పిడి పట్టుకొని లేపుకోవచ్చు. మీకు కారు లేదని తెలుసు, ఆటోలో పెట్టుకో. పిల్ల వెనక్కి తిరిగి కూచునేలా పెట్టాలి, బాగా గుర్తుంచుకో. మా ఆయన ఫిరోజ్ మొదట్లో ఎగతాళి చేశాడు. తర్వాత బనగానపల్లె దోవలో మా టాక్సీకి బర్రె అడ్డమొచ్చి బ్రేకు కొట్టాడు. నా నుదురు ముందు సీటుకు గుద్దుకొని బొప్పి కట్టింది. మావాడు వెనక్కి తిరిగి పడుకున్నాడా, నిద్ర కూడా చెడలేదు. ఆ రోజు నుంచి ఫిరోజ్ నోరు మూసుకున్నాడు, అల్లాకు లెక్కలేనన్ని షుక్రియాలు. ఆ కుర్చీనే బండి మీద పెట్టి నొక్కితే దానికే అతుక్కుంటుంది. అప్పుడు పిల్ల నీ వైపు తిరిగి ఉంటుంది.

బండిని నేను వీధుల్లో తిప్పానని అనుకోకు. మా గల్లీలో ఒక్కసారి తీశాను. మలుపు తిరిగేలోగా ఒకామె అడిగింది, "ఏం షమీమ్, ఉల్లిగడ్డలు కిలో ఎట్లిస్తాండావు?" ఇంకొకామె, "చేతులకు గోరింటాకు పెట్టుకున్నావా, బిడ్డనెత్తుకోలేవా?" అంది. సిగ్గుపడి మిద్దె మీదికి ఎక్కించాను. దాని మీద బట్టలు ఆరేసుకున్నాం.

నాకు అది సోకు బిందూ, ఉన్నా లేకున్నా ఒకటే. నీకు అట్లా కాదు. నువ్వు నడవాలంటే ఎడమ తొడ మీద చేయి ఆనించాలి. ఒంటిచేత్తో పిల్లను ఎత్తుకొని ఎంతదూరం పోతావు? ఆ బండి ఉంటే నీ పిల్లను నువ్వే బయటికి తీసుకుపోవచ్చు, ఎవరినీ అడగకుండా. అందుకే పంపాను. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందరి చేతుల్లోనూ పాప ఉంది, నీ చేతుల్లో లేదు. ఎందుకట్లా?

షమీమ్

*

కడప,
9 అక్టోబరు 2004.

అక్కా,

నీ కుర్చీ ఆటో ఎక్కింది. వాసవికి సూది మందు వేయించడానికి పోయాం. కుర్చీని సీటు మీద పెట్టి ఆయన అంగట్లో స్టీలు బిందెలు కట్టే పురికొసతో కట్టారు. వెనక్కి తిప్పి కట్టమన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"పోయే దోవ కనపడకపోతే బిడ్డ బెదురుకోదా?"

"మనకు మాత్రం ఏం కనపడుతుందత్తా? డ్రైవరు వీపే కదా."

నా మాట చెల్లలేదు, ముందుకే కట్టారు. రైలు గేటు దగ్గర గతుకులో ఆటో ఎగిరి దబ్బున పడింది. వాసవి కుర్చీలోంచి జారి మా మోకాళ్ళ దాకా వచ్చేసింది. ఆటో అబ్బాయి అక్కడే ఆపి, "ఏమ్మా, గాజు సామానయినా ఇట్లా కట్టరే" అన్నాడు. అప్పుడు వెనక్కి తిప్పాం. ఆసుపత్రి దాకా పిల్ల హాయిగా కూచుంది. అత్త మాత్రం దారి పొడవునా "బెదురుకుంటాది చూడు" అంటూనే వచ్చింది.

ఆసుపత్రికి మెట్లు ఎక్కువ. అత్త పాపను ఎత్తుకొని పైకి పోయింది. నేను ఆటోలో ఉండిపోయాను. నర్సు "తల్లి యాడ?" అని అడిగిందట, "ఆటోలో ఉండాది" అని అత్త చెప్పిందట. సూది వేసినప్పటి ఏడుపు రోడ్డు దాకా వినిపించింది. కిందికి వచ్చాక పాపను తీసుకోబోతే నా వైపు రాలేదు. అత్త మెడ చుట్టూ చేతులు వేసి, ముఖం అవతలికి తిప్పుకుంది. అక్కా, పాలు తాగేంతసేపే దానికి నేను అమ్మను. కడుపు నిండితే అది వెతికేది అత్తనే.

నువ్వు అడిగినదానికి జవాబు రాయలేదని నాకు తెలుసు. ఇంకోసారి రాస్తాను. బండి బయటికి తీయడానికి ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

బిందు

*

కడప,
17 అక్టోబరు 2004.

షమీమ్‌కు రాజ్యలక్ష్మమ్మ రాస్తాండేది,

బిందు కంటే రెండేండ్లు పెద్దదానివంట, దాన్ని చిన్నప్పట్నుంచి ఎరిగినదానివి, అందుకని నీకే రాస్తాండా. మీ ఇంట్లో అందరూ సుఖంగా ఉండాలమ్మా.

నీ బండి శానా బాగుండాది, వంక పెట్టేదానికి లేదు. కానీ దాన్ని నువ్వే తిరిగి తెప్పించుకో. ఎందుకో చెప్తాను, కోపం చేసుకోవద్దు. బిందు నీకు చెప్పినాదో లేదో. ఆగస్టులో బిడ్డనెత్తుకొని వంటింటి గడప దాటతా పడింది. ముందర ఉతికిన బట్టల గుట్ట ఉండింది కాబట్టి సరిపోయింది, బిడ్డ దాంట్లో పడింది, గీత కూడా పడలేదు. కోడలికి మోచెయ్యి చీరుకపోయింది. రక్తం కారతాంటే కూడా అది ఏడ్వలేదు. బిడ్డను తీసి నా చేతికిచ్చి, "ఇంక మీరే ఎత్తుకోండత్తా" అన్నది. ఆ పొద్దు నుంచి నిలబడి బిడ్డనిమ్మని అడగలేదు, నేనూ ఇయ్యలేదు. కూచున్నప్పుడు ఒళ్ళో పెడతాండాం.

ఇప్పుడు నీ బండి వచ్చినప్పట్నుంచి దాని కండ్లు బండి మిందే ఉండాయి. వీధిలోకి తీసుకపోయి పడితే ఎవరు దిక్కు? పడకపోయినా జనాల నోళ్ళు ఊరుకుంటాయా? ఎత్తుకోను చాతగాక బండ్లో ఏసుకొని పోతాండాది అంటారు. ఆ పిల్లను నేనే కోరి నా కొడుక్కు చేసుకున్నా. పెండ్లిలో కాలు గురించి మాట్లాడినోళ్ళందరికీ నేనే నిలబడి జవాబు చెప్పినా. మళ్ళా ఆ మాటలు దాని చెవిన పడితే చూసే ఓపిక నాకు లేదు తల్లీ.

నేను రాసినట్టు దానికి చెప్పొద్దు.

రాజ్యలక్ష్మమ్మ

*

కర్నూలు,
25 అక్టోబరు 2004.

బిందూ,

మీ అత్త నాకు ఉత్తరం రాసింది. చెప్పొద్దంది, చెప్తున్నాను. నా కడుపులో మాట నిలవదని ఆమెకు తెలియదు, నీకు తెలుసు.

మోచెయ్యి మానిందా? ముందు అది రాయి.

నాకు చాలా కోపంగా ఉంది. పడ్డావు, సరే. గడప తగిలి పడనివాళ్ళు ఈ రాయలసీమలో ఎవరైనా ఉన్నారా? పిల్లకు ఏమీ కాలేదు. అయినా బిడ్డను తీసి ఇచ్చేస్తావా? పైగా నాకు "నేనూ బాగున్నాను" అని రాస్తావా? రెండు నెలలు మనసులో పెట్టుకొని మడక గురించీ పొత్రం గురించీ కబుర్లు రాశావు, నేను తెలివితక్కువదానిలా నవ్వాను. ఇంక నీ ఉత్తరాల్లో నవ్వు కనిపిస్తే అనుమానంగా చూస్తాను.

మీ అత్త మీద నాకు కోపం రాలేదు. ఆమె భయం ఆ ఉత్తరం నిండా ఉంది. నిన్ను ఎవరూ ఒక మాట అనకూడదని ఆమె ఆరాటం. అయితే ఆమె నిన్ను కాపాడుతూ కాపాడుతూ నీ బిడ్డను తన బిడ్డ చేసుకుంటోంది, అది ఆమెకు తెలియడం లేదు.

బడికి ఎట్లా పోయేదానివి? నా సైకిలు వెనక క్యారియరు పట్టుకొని నడిచేదానివి. చక్రం ముందు పోతుంటే నీ కాలు దాని వెంట అదే పడేది. అందరికంటే ముందే బడికి చేరాలని నన్ను తొందరపెట్టేదానివి. ఆ బండి పిడి కూడా అంత ఎత్తే ఉంటుంది. చూసుకో.

మీ అత్తకు వేరే రాశాను, బస్సు పార్సిలు వాళ్ళు అంత పెద్ద సామాను తిరిగి తీసుకోరని. పచ్చి అబద్ధం. నమ్ముతుందిలే.

ఇప్పుడు ఒక మాట విను. ఖాళీ బండి తోయకూడదు కదా? తోయకు. పెద్దల మాట కాదనడం ఎందుకు? పొత్రాన్నే కూచోబెట్టుకొని పెరట్లో తిప్పు. రోజూ తిప్పు. పడితే పొత్రం పడుతుంది, అది ఏడవదు, నీ మీద అత్తకు చాడీలు చెప్పదు.

కోపంతోనే,
షమీమ్

*

కడప,
29 నవంబరు 2004.

అక్కా,

మోచెయ్యి ఎప్పుడో మానింది. నీ తిట్లు తిని చాలా ఏడ్చాను. తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను. చెప్పకపోవడం ఎందుకంటే, రాస్తే నిజమైపోతుందని. నేను తల్లిగా పనికిరానని నా చేతిరాతలో చూసుకోవడం నావల్ల కాలేదు.

సరే, పొత్రం సంగతి విను. పెరట్లో బండలు పరిచారు, మన కడప బండలే. మధ్యాహ్నం వాసవి నిద్రపోగానే బండి తీశాను. చక్రాలు ఆ సందుల మీద గడగడమంటుంటే పక్కింటివాళ్ళు పిట్టగోడ మీది నుంచి చూశారు. "ఏమ్మా, పొత్రాన్ని షికారు తిప్పుతాండావా?" అన్నారు. "అవునక్కా, ఇంట్లోనే ఉండి విసుగొచ్చిందంట" అన్నాను. మొదట్లో నాలుగడుగులకే చెమట పట్టింది. బండి ముందుకు ఉరుకుతుంది, నా ఎడమకాలు వెనకబడుతుంది. దాని వేగం పట్టుకోవడానికి వారం పట్టింది.

ఒకరోజు అలసిపోయి పిడి మీద బరువంతా వేశాను. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, పొత్రం జారి దబ్బుమని బండ మీద పడి అంచు పెచ్చు లేచింది. అత్త ఎక్కడి నుంచి వచ్చిందో, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని "బిడ్డ యాడ? బిడ్డ యాడ?" అని అరుస్తూ వచ్చింది. లోపల నిద్రపోతోందని చెప్పాక బావి గట్టు మీద కూలబడింది.

"అదే బిడ్డయితే?" అంది.

"బిడ్డ కాదు కదత్తా. ఇట్లా అవుతుందనే పొత్రాన్ని పెట్టుకున్నాను."

నాకూ భయంగానే ఉంది. కానీ ఆగితే ఇంక ఎప్పటికీ ముట్టుకోనని తెలుసు. కూచొని ఆలోచించాను. పొత్రాన్ని తీసి సీటు కింద సామాన్ల బుట్టలో ముందువైపుకు పెట్టాను, కదలకుండా చీరపేలిక చుట్టి. మళ్ళీ పిడి మీద ఆనుకున్నాను. ఈసారి లేవలేదు. ఇంకా గట్టిగా ఆనుకున్నాను. లేవలేదు! తొడ మీద చేయి తీసేసి రెండు చేతులతో పిడి పట్టుకొని గోడ దాకా నడిచాను. అక్కా, నేను రెండు చేతులూ ముందుకు చాపి నడవడం బడి వదిలాక ఇదే మొదలు.

వెనక్కి తిరిగేసరికి అత్త అడ్డంగా నిలబడి ఉంది. "ఖాళీగా తోయొద్దంటే వినవేమే? రాయి కిందికి పాయె, సీటు ఖాళీగా ఉండాది కదా!" అని కసిరి, లోపలికి పోయి కందిబేడల మూట తెచ్చి సీట్లో కూచోబెట్టి, బెల్టు కూడా పెట్టింది. తర్వాత "మూటతో ఎంతసేపైనా తిరుగు. బిడ్డను మాత్రం అడగొద్దు" అంది.

అడిగాను. రోజూ అడిగాను. పోయిన వారం ఒప్పుకుంది, హాల్లో మాత్రమే, తను పక్కన నడుస్తుండగా. కుర్చీని బండి మీద అతికించి వాసవిని నా వైపుకు కూచోబెట్టాం. ఇంతవరకు నేను నడుస్తుంటే అది నా ముఖం చూసింది లేదు, ఎప్పుడూ ఎవరి చంకలో నుంచో నేను కుంటుకుంటూ పోవడం చూసేది. ఇప్పుడు నా ముఖం దాని ముందరే ఉంది. తలుపు నుంచి తలుపు దాకా పోయి వచ్చాం. నా ముక్కుపుడక పట్టుకోవాలని చేయి చాపింది. ఏం చెప్పను అక్కా, రాయలేను.

జనవరిలో పోలియో ఆదివారం వస్తుంది. వీధి చివరి బడిలో పిల్లలకు చుక్కలు వేస్తారు. వాసవిని నేనే తీసుకుపోతానని అన్నం దగ్గర అందరి ముందూ చెప్పాను. నాకు రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి కాలు పోయింది. నా కూతురికి ఆ చుక్కలు వేయించడానికి ఇంకెవరో ఎత్తుకుపోతే నేను ఇంట్లో కూచోలేను. అత్త మజ్జిగ పోసి లేచిపోయింది. మర్నాడు ఆయన, అడగకుండానే, వాకిట్లో మెట్టు పక్కన ఒక బండను ఏటవాలుగా వేయించారు.

బిందు

*

కర్నూలు,
20 డిసెంబరు 2004.

బిందూ,

నవ్వు కనిపించినా ఈసారి అనుమానపడలేదు. నీ ఉత్తరం ఫిరోజ్‌కు చదివి వినిపిస్తే, "టాక్సీ నడిపేవాళ్ళకు కూడా ఇంత తర్ఫీదు లేదు" అన్నాడు.

రెండు మాటలు చెప్తాను. ఒకటి, ఒక పాత ఓణీ తీసుకొని ఒక కొస పిడికి, ఇంకో కొస నీ కుడి మణికట్టుకు కట్టుకో. నీ చేయి జారినా బండి నిన్ను వదిలి పోదు. రెండు, ఆగినప్పుడల్లా బ్రేకు తొక్కు. మాట్లాడేటప్పుడు, చీర సర్దుకునేటప్పుడు, ఎవరికో జవాబు చెప్పేటప్పుడు కూడా. ముఖ్యంగా జవాబు చెప్పేటప్పుడు. నీకు కోపం వస్తే చేతులు తిప్పుతావు.

వీధిలో నవ్వుతారు బిందూ. నాకు నవ్వులు తగిలితే మిద్దె ఎక్కి దాక్కున్నాను. నువ్వు దాక్కోవద్దు. ఉల్లిగడ్డల ధర అడిగితే ఏదో ఒక ధర చెప్పి ముందుకు పో.

మా అత్త నీ కోసం దువా చేస్తోంది. నేను దువా కంటే ఓణీని ఎక్కువ నమ్ముకున్నాను, ఈ ముక్క ఎక్కడా అనకు.

షమీమ్

*

కడప,
జనవరి 2005, ఆదివారం సాయంత్రం.

అక్కా,

పోయి వచ్చాను.

పొద్దున వాసవికి స్నానం చేయించి కాటుక పెట్టింది అత్తే. తయారుచేసి అరుగు మీద కూచున్న నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. నేనే కుర్చీలో కూచోబెట్టి బెల్టు పెట్టాను. ఆయన బండిని వాలుబండ మీదుగా వీధిలోకి దింపి, "వెంట రానా?" అన్నారు. వద్దన్నాను. కింద బుట్టలో పొత్రం, మణికట్టుకు నీ ఓణీ ముడి.

మా వీధి ఇంత పొడవని నాకు ఇంతవరకు తెలియదు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరున్నారు. "ఏందిమా ఇది, తోపుడు బండా?" అని ఒకరు. "కాలు బాగలేదు కదా పాపం, ఎత్తుకోలేదు" అని ఇంకొకరు, నాకు వినపడాలనే. ముఖం మండింది. బ్రేకు తొక్కి నిలబడ్డాను, వాళ్ళ వైపు తిరిగి, "అవునక్కా, ఎత్తుకొని నడవలేను. అందుకే తోసుకొని పోతున్నాను" అన్నాను. వాసవి నన్నే చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది.

బడి ఇంకా కొంచెం దూరం ఉందనగా వీధికి అడ్డంగా మురుగుకాలువ ఉంది, పైన బండలు కప్పారు. రెండు బండల మధ్య సందులో ముందు చక్రం దిగి ఇరుక్కుంది. తోశాను, రాలేదు. లాగాను, రాలేదు. పిడి మీద బలంగా ఆనుకుంటే పొత్రం బరువుకు ముందు చక్రం లేవదు. అక్కా, మేలు చేసిన రాయే అక్కడ పట్టుకుంది. వంగి రాయిని తీయాలంటే పిడి వదలాలి. పిడి వదిలితే నేను నిలబడలేను. చుట్టూ జనం మూగారు. వాసవి భయపడి ఏడుపుముఖం పెట్టింది. టీ అంగడి శేషన్న పరుగున వచ్చి, "బిడ్డనిట్లా తేమ్మా, నేనెత్తుకొస్తా" అని చేతులు చాపాడు. ఆ క్షణంలో ఇచ్చేద్దామనిపించింది. నిజంగా అనిపించింది.

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"బిడ్డ జోలికి పోవద్దప్పా! బండి ముందర పట్టి లేపు. చక్రం బయటపడితే చాలు, అది తోసుకుంటాది."

తిరిగి చూశాను. వెనక ఇంకో గుమ్మం నీడన నిలబడి ఉంది. ఇంటి నుంచీ నా వెనకాలే నడిచి వచ్చిందన్నమాట, చెప్పులు కూడా లేకుండా. నేను చూసేసరికి ముఖం పక్కకు తిప్పుకొని, అటువైపు ఏదో పనున్నట్టు నిలబడింది. శేషన్న చక్రం లేపాడు. నేను తోసుకుంటూ పోయాను.

బడి గుమ్మానికి మెట్టు లేదు, అదొక్కటి దేవుడి దయ. చిన్న క్యూ ఉంది. మా వంతు వచ్చాక చుక్కల సీసా పట్టుకున్నామె వాసవిని చూసి, "పాప తల్లి ఎవరు?" అంది.

"నేనే."

ఆమె చూపు నా కాలి మీదికి పోయింది, అక్కడ కాసేపు ఆగింది. మళ్ళీ నా ముఖం చూసి, "నోరు తెరిపించమ్మా" అంది నెమ్మదిగా. నేనే వాసవి బుగ్గలు నొక్కాను. రెండు చుక్కలు నాలుక మీద పడ్డాయి. చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడానికి చేయి గట్టిగా పట్టుకునేసరికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. చేతులు చాపింది, అక్కా. నా వైపు కాదు. నా వెనక నిలబడ్డ అత్త వైపు.

అత్త చేతులు ముందుకు వచ్చాయి. అలవాటు కదా, ఐదు నెలల అలవాటు. వచ్చినవి అక్కడే ఆగాయి. రెండింటినీ కొంగులో చుట్టుకుంది. "నన్ను చూడొద్దు. మీ అమ్మ ఉండాది కదా ఆడ" అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

నేను బ్రేకు తొక్కాను. మణికట్టు ముడి విప్పాను. మోకాలి దగ్గర ఇనుప కమ్మీ బిగించి ఉందో లేదో తడిమి చూసుకొని, నడుమును బల్లకు ఆనించి, వంగి వాసవిని రెండు చేతులతో ఎత్తుకున్నాను. నిలబడి ఎత్తుకున్నాను. ఆగస్టు తర్వాత ఇదే. ఎంత బరువెక్కిందో నాకు తెలియనే తెలియదు. ఒక్క క్షణం ఒళ్ళు తూలింది.

వెనక నుంచి అత్త చేయి వచ్చి నా నడుముకు ఆనింది. గట్టిగా పట్టుకుంది. బిడ్డను ముట్టుకోలేదు.

వాసవి ఏడుపు ఆపలేదు. అత్త కోసమే ఏడ్చింది, వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చీ ఏడ్చీ అలసిపోయి, ఇంకెక్కడికీ పోలేక, ముఖం తెచ్చి నా మెడలో దాచుకుంది.

బిందు